తవుడుకు కొన్న బిడ్డ

"ఈపొద్దు గూడా ఆ పిల్ల నర్సమ్మ ముందర నిన్ను ‘అమ్మా’ అని పిలిస్తే మన గతేమి, అమూల్యా?"

నా కూతురు పొద్దుటి ఫలహారానికి, ఉగ్గాని చేయడానికి నానబెట్టిన బొరుగులు పిండుతోంది. చేతులు ఆపలేదు, తల ఎత్తలేదు.

"నువ్వు గమ్మునుండు మా. ఆయమ్మ ఇంకా బస్సే దిగలేదు. నువ్వప్పుడే కొంప మునిగినట్టు మాట్లాడతాండావు."

"పోయిన శుక్రవారం మునిగింది గదా!"

అమూల్య ఇంకో పిడికెడు బొరుగులు తీసి పిండింది. నీళ్ళు గిన్నెలోకి కారాయి.

ఆ శుక్రవారం తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సహించదు. పిల్లలు లేనివాళ్ళకు సర్కారు ఖర్చుతో వైద్యం చేసే చోట, కర్నూలులో, అమూల్య పేరు రాసుకున్నారు. పరీక్షలన్నీ అయ్యాయి. డాక్టరమ్మ నవ్వుతూ మాట్లాడింది కూడా. ఇంటికొచ్చి విచారించడం ఒక్కటే మిగిలింది. ఆడమనిషికి ముప్పై అయిదు దాటకూడదు. కన్న బిడ్డ గాని, పెంచుకున్న బిడ్డ గాని ఉండకూడదు. వాళ్ళు చూసేది అంతే. ఆ విచారణకే క్రిస్టినా అనే నర్సు కోడుమూరులో ఈ ఇంటి దాకా వచ్చింది. కుర్చీలో సరిగ్గా కూర్చుందో లేదో, గిడ్డమ్మ పరుగున వచ్చి అమూల్య కొంగు పట్టుకుని, "అమ్మా, ఆకలైతాంది" అంది.

గిడ్డమ్మ అమూల్య కన్న బిడ్డ కాదు. అమూల్య తోటికోడలు నాగలత కన్న బిడ్డ.

నర్సు మొహం మారింది. అమూల్య ఏదో చెప్పబోతే వినకుండా లేచి, వాకిలి దాటి నాగలత వాళ్ళ వాటాలోకి వెళ్ళింది. అక్కడ మజ్జిగ తాగింది. ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ వినపడలేదు. ఆదివారం దాటగానే ఫోను వచ్చింది. "పెంచుకున్న బిడ్డ ఉంది కదమ్మా. మీ ఇంట్లోవాళ్ళే చెప్పినారు" అని. అమూల్య ఏడ్చి బతిమాలితే, ఇంకొక్కసారి వచ్చి కనుక్కుంటానని ఒప్పుకుంది. ఆ రావడం ఈ రోజే.

మీ ఇంట్లోవాళ్ళే చెప్పినారు. ఆ మాట విన్నప్పటి నుంచి, కూతురికి తోడుగా వచ్చి ఉన్న నేను ఈ ఇంట్లో ఎవరి మొహం చూసినా అదే వెతుకుతున్నాను. వియ్యంకుడు పెద్దసుబ్బయ్య నోరు జారాడా? మా అల్లుడు వేణుగోపాల్ అంగట్లో కూర్చుని ఎవరితోనైనా అన్నాడా? ఎన్ని విధాలుగా ఆలోచించినా నా కళ్ళు పోయి పోయి నాగలత గడప మీదే ఆగుతున్నాయి.

నాగలతకు మొదటి ఇద్దరు బిడ్డలూ పురిట్లోనే పోయారు. అందుకని మూడోది పుట్టగానే పెద్దసుబ్బయ్య వాళ్ళ ఇంటి పాత ఆచారం బయటికి తీశాడు. పసిగుడ్డును చాటలో పడుకోబెట్టి వీధి గడప దగ్గర ఉంచారు. అమూల్య చాటెడు తవుడు పోసి బిడ్డను కొనుక్కుంది. కన్నతల్లికి అచ్చిరాని బిడ్డ కొన్నతల్లి చేతిలో బతుకుతుందని. బడిలో శ్రీవాసవి అని రాయించినా, మంచి పేరుకు దిష్టి తగులుతుందని ఇంట్లో అందరూ గిడ్డమ్మ అనే పిలుస్తారు. అయిదేళ్ళు నిండేదాకా ఆ పిల్ల అమూల్యను అమ్మ అనాలి. కన్నతల్లిని పెద్దమ్మ అనాలి. ఆ తర్వాత మళ్ళీ తవుడు పోసి వెనక్కి కొనుక్కోవాలి.

అయిదేళ్ళు నిండేది కార్తీకంలో. మా అమూల్యకు ముప్పై అయిదు దాటేది శ్రావణంలో. ఇప్పుడు జ్యేష్ఠం నడుస్తోంది.

నేను చెంబు పట్టుకుని లేచాను.

"యాడికి?" అంది అమూల్య.

"మజ్జిగకు."

"మా, వద్దు."

నేను అప్పటికే వాకిట్లో ఉన్నాను.

నాగలత తన గడప ముందు కూర్చుని గిడ్డమ్మకు జడ వేస్తోంది. పిల్ల కదలకుండా ఉండడానికి దాని చేతిలో బెల్లం ముక్క పెట్టింది. నన్ను చూసి లేవలేదు.

"మజ్జిగ ఉంటే కొంచెం పోస్తావా నాగలతా?"

"మజ్జిగకు వచ్చినారా పిన్నమ్మా, మాటకు వచ్చినారా?"

"పోయిన శుక్రవారం నర్సమ్మకు పోసిన మజ్జిగలో ఏం కలిపినావో చూద్దామని వచ్చినా."

"ఉప్పు కలిపినా."

"ఉప్పొకటేనా?"

దువ్వెన ఆగింది. "ఆ ఫోను వచ్చినప్పట్నుంచి మీరు నా గడప తట్టే చూస్తాండారు. ఏం అడగాల్నో సూటిగా అడగండి."

"నువ్వేం చెప్పినావు ఆయమ్మకు?"

నాగలత పిల్ల జడకు రిబ్బను ముడి వేసింది. ముడి బిగించి, లాగి చూసి, అప్పుడు చెప్పింది.

"ఈ పిల్ల నీ పిల్లేనా అని అడిగింది. గాదు, మా చెల్లెలికి ఇచ్చేసినాం అన్నా."

నా చేతిలో చెంబు జారి వాకిట్లో దొర్లింది. నేను అనుమానించింది నిజమే అయింది. నిజమయ్యాక మనసు కుదుటపడాలి కదా? ఇంకా భయం ఎక్కువైంది.

"నా కూతురి కడుపు మీద కొట్టినావు గదే!" అన్నాను.

"పిన్నమ్మా, పిల్ల వింటాది."

"విననీ! నా కూతురికి ఒక బిడ్డ పుడితే అంగట్లో సగం పాలు పోతాదని నీ భయం. ఇప్పుడైతే రెండు వాటాలూ నీ బిడ్డకే వస్తాయి. అంతేనా?"

నాగలత ఉలిక్కిపడి లేచింది. పిల్ల రెండు చెవులూ మూసింది.

"ఉమ్మెయ్యండి."

"ఏందీ?"

"‘నీ బిడ్డ’ అన్నారు. నా మొహం చూసి అన్నారు. ముందు ఉమ్మెయ్యండి పిన్నమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటా. తర్వాత నన్ను ఎన్నైనా తిట్టండి."

ఆమె పెదవులు తెల్లబడ్డాయి. అది నటన అయితే అంత తెల్లబడవు. నేను పక్కకు తిరిగి థూ థూ థూ అని ఉమ్మాను. ఎంత కోపమున్నా పసిబిడ్డ ప్రాణంతో ఆడుకునేదాన్ని కాదు.

"పెద్దమ్మా, ఈ అవ్వ ఎందుకు ఉమ్ముతాంది?" అని గిడ్డమ్మ నాగలతను అడిగింది.

"నోట్లో దుమ్ము పడింది లేమ్మా. పో, మీ అమ్మ ఉగ్గాని చేస్తాంది, పోయి తిను."

మీ అమ్మ. ఎంత సులువుగా అనేసింది! నాలుగేళ్ళుగా అంటూ ఉంటే నాలుకకు అలవాటైపోయిందో, లేక ఆ సులువు పైకి మాత్రమేనో నాకు తెలియలేదు.

చెంబు చప్పుడుకో, నా గొంతుకో అందరూ వచ్చారు. వేణుగోపాల్ అంగడి వదిలేసి చేతికి పసుపు అంటుకునే వచ్చాడు. పెద్దసుబ్బయ్య పడక్కుర్చీ వాకిట్లోకి లాక్కుని కూర్చున్నాడు. పంచాయితీ అంటే ఆయనకు భోజనంతో సమానం.

"ఏమప్పా, పొద్దున్నే రచ్చ?" అన్నాడు.

"రచ్చ నాది గాదన్నా," అన్నాను. "నర్సమ్మకు ‘ఇచ్చేసినాం’ అని చెప్పింది మీ పెద్దకోడలే. ఇప్పుడు ఆయమ్మ వస్తే, ఇయ్యలేదు, నా బిడ్డే అని ఒక్క మాట చెప్పమనండి. నా కూతురి బతుకు నిలబడతాది."

"మామా, నేను ఆ మాట అననని మీకు తెలుసు," అంది నాగలత. "మొదటి బిడ్డను ఎత్తుకోని ‘నా బిడ్డ’ అని ముద్దు పెట్టుకున్నా. తెల్లారేసరికి ల్యాదు. రెండోదాన్నీ అట్లే అన్నా. ఈ పిల్లను ఇంతవరకూ ఒక్కసారి అనలేదు. జ్వరమొచ్చి మూలుగుతాంటే గూడా అనలేదు."

పెద్దసుబ్బయ్య గడ్డం గోక్కున్నాడు.

"అమ్మిన సరుకు గడువుకు ముందు వాపసు తీసుకోడం మా అంగట్లో ల్యాదు చెల్లెమ్మా."

"నాయనా, పిల్ల సరుకు గాదు," అన్నాడు వేణుగోపాల్.

"సరుకు గాకపోతే మీరందరూ బేరమెందుకు ఆడతాండారప్పా?"

మా అల్లుడు తల వంచుకున్నాడు. ఆయన నోట్లోంచి ఒక మాట వచ్చి, అది నిలబడి ఉండడం నేను ఈ పన్నెండేళ్ళలో చూడలేదు. మంచివాడే. తూకంలో ఒక గింజ కూడా తగ్గించడు. కానీ మనుషుల మధ్య మాత్రం కాటా ఎటు మొగ్గితే అటే.

"అయితే దారే ల్యాదా అన్నా?" అన్నాను.

"ఉండాది. మా అవ్వ చెప్పేది." ఆయన గొంతు తగ్గించాడు. "గడువుకు ముందు తిరిగి కొనాలంటే కన్నతల్లి నోరు తెరిచే పని ల్యాదు. కొన్నతల్లే పదిమంది ముందర ‘నాది గాదు’ అని చెప్పి వదులుకోవాల. వదులుకున్నాక ఆ పిల్ల ఆమె కండ్లబడగూడదు. ఆమె గడప తొక్కగూడదు. పెండ్లయ్యేదాకా."

"పెండ్లయ్యేదాకానా?" అన్నాడు వేణుగోపాల్.

"కార్తీకం దాకా ఆగితే ఈ వాకిట్లోనే ఉంటాది. ఆగకపోతే ఇంతే."

నేను నాగలత వైపు చూశాను. ఆమె ఆశ్చర్యపోలేదు. ఈ మాట ఆమెకు ముందే తెలుసు.

"మరి పిల్లను ఏం చేస్తావు?" అని అడిగాను.

"ఆయన దగ్గరికి పోతా." ఆయన అంటే భర్త రాఘవేంద్రప్రసాద్. మంగంపేట గనుల్లో గుమాస్తా, నెలకొకసారి ఇంటికొస్తాడు. "అమూల్య ఆ మాట చెప్పిన పొద్దే పిల్లను తీసుకోని పోతా. ఇంక ఈ ఊరికి రాను."

"ఓహో. సంచి గూడా సర్దుకున్నావా?"

నేను ఎగతాళికి అన్నాను. నాగలత కళ్ళు దించుకుంది. తలుపు సందులోంచి లోపల మంచం మీద సంచి కనిపించింది. నిండుగా, జిప్పు వేసి ఉంది. పైన గిడ్డమ్మ గౌను ఒకటి మడిచి పెట్టి ఉంది.

నర్సుకు ‘ఇచ్చేసినాం’ అని చెప్పింది భయంతోనా, లేక ఇదంతా ముందే అనుకుని చేసిందా? చేతికి మట్టి అంటకుండా కూతుర్ని వెనక్కి తీసుకుపోవడానికి ఇంతకంటే సులువైన దారి ఏముంటుంది? అడిగితే ఏడుస్తుంది. ఏడిస్తే నేను మళ్ళీ నమ్ముతాను.

"అక్కా," అని వెనక నుంచి వినిపించింది. అమూల్య ఎప్పటి నుంచి నిలబడి ఉందో! గిడ్డమ్మ ఆమె నడుము మీద ఉంది, మూతి చుట్టూ బొరుగులు అంటుకుని. "నువ్వు సర్దుకున్నావా, నిజంగానా?"

నాగలత లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. గడియ మాత్రం పెట్టలేదు.

వంటింట్లో అమూల్య పిల్లకు తినిపించింది. గిడ్డమ్మ పచ్చిమిరపకాయ ముక్కలు ఏరి ఏరి అమూల్య చేతిలో పెడుతోంది. అమూల్య వాటిని చూడకుండానే తన నోట్లో వేసుకుంటోంది. ఎవరూ నేర్పకుండా కుదిరిన పద్ధతి అది. తిన్నాక పిల్ల అంగట్లోకి పరిగెత్తింది.

"మా," అంది అమూల్య. "నాకు కడుపు పండుతాదని నువ్వు చెప్పగలవా?"

"డాక్టరమ్మ చెప్పింది గదా."

"ఆయమ్మ చెప్పలా. చేసి చూద్దాం అనింది. అయితే అయితాది, ల్యాకుంటే ల్యాదు అనింది. నువ్వు పక్కనే ఉండావు, అయితాది అనేది ఒకటే విన్నావు."

"ప్రైవేటులో చేయించే తాహతు మనకు ల్యాదు అమూల్యా. శ్రావణం దాటితే ఈ తలుపు గూడా మూసుకుపోతాది. నేను పోయినాక నీకు ఎవరుండారు?"

"ఇప్పుడుండాది గదా ఒకతి."

"అది నీది గాదు. కార్తీకం వస్తే ఎట్లాగూ పోతాది."

"యాడికి పోతాది? ఈ గడప నుంచి ఆ గడపకు పోతాది. పొద్దున లేస్తే కనపడతాది. చిన్నమ్మా అంటాది. ఆ మాటకు నేను నాలుగేండ్ల నుంచి మనసు కుదుర్చుకుంటాండా మా. మంగంపేటకు కుదుర్చుకోలేదు."

మాట తోచనప్పుడు నాకు కోపం వస్తుంది.

"మీ తోటికోడలు కావాలనే చేసింది. నిన్ను ఏమార్చింది."

"కావాలనే చేసిందనుకో. అయితే మాత్రం? ఆయమ్మ స్థానంలో నేనుంటే?"

"నువ్వుంటే చెయ్యవు."

"చేస్తా," అంది నా కూతురు.

అల్లుడు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "నీ ఇష్టం అమూల్యా," అన్నాడు. "నువ్వేం చెప్పినా నాకు సమ్మతమే."

"మీకేం కావాల్నో అది చెప్పండి, ఒక్కసారి," అంది అమూల్య.

ఆయన చేతి పసుపును పంచెకు తుడుచుకున్నాడు. "అంగట్లో కూర్చున్నప్పుడు, అది నా తొడ మీదనే నిద్రపోతాది," అన్నాడు. అంతకుమించి చెప్పలేక వెళ్ళిపోయాడు.

క్రిస్టినా వచ్చేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఆటో దిగి, మొహం తుడుచుకుంటూ వాకిట్లోని కుర్చీలో కూర్చుంది. ఈసారి మజ్జిగ వద్దంది. నీళ్ళు కూడా తన సంచిలోవే తాగింది. పోయినసారి ఈ ఇంటి మజ్జిగ తాగినందుకు ఎవరైనా ఏమైనా అన్నారేమో. అనుమానం నాకొక్కదానికే ఉందనుకోకూడదు.

అందరం వచ్చాం. పెద్దసుబ్బయ్య పడక్కుర్చీలో, వేణుగోపాల్ స్తంభానికి ఆనుకుని. నాగలత తన గడప మీద కూర్చుంది. గడప లోపలా కాదు, బయటా కాదు. అమూల్య కింద చాప మీద. గిడ్డమ్మను లోపల పడుకోబెట్టి వచ్చాను, నేనే జోకొట్టాను. నిద్రపోయిందనే అనుకున్నాను.

"సిస్టర్, మా ఇంటి ఆచారం ఒకటుండాది," అని పెద్దసుబ్బయ్య మొదలుపెట్టాడు. చాట, తవుడు, పోయిన బిడ్డలు, అన్నీ చెప్పాడు. క్రిస్టినా ఓపికగా వింది.

"మా అత్తగారింట్లో గూడా ఇట్లాంటిది ఉండేది పెద్దాయనా," అంది. "నేను నవ్వడం ల్యాదు. కానీ నేను రాసుకోని పోవాల్సింది ఒక్కటే. ఈ దంపతులకు పెంచుకున్న బిడ్డ ఉందా, ల్యాదా. కన్నది ఎవరనేది అడగడం ల్యా. తవుడు సంగతి అడగడం ల్యా."

"ల్యాదు సిస్టర్," అన్నాను నేను గబగబా. "నేను అమూల్య తల్లిని, చెప్తాండా గదా."

"మీరొద్దమ్మా. పోయినసారి ఆయమ్మ ఒకటి చెప్పింది, ఈపొద్దు మీరొకటి చెప్తాండారు. ఇంక ఎవరి మాటా వద్దు." ఆమె అమూల్య వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. నువ్వు చెప్పిందే రాస్తా. తర్వాత మార్చుకుంటానంటే కుదరదు."

అమూల్య నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే వెనక చిన్న పాదాల చప్పుడు.

గిడ్డమ్మ కళ్ళు నులుముకుంటూ వచ్చింది. చెంప మీద చాప గీతలు. ఎవరినీ చూడలేదు, నేరుగా వచ్చి అమూల్య ఒడిలో కూలబడింది. కొంగు లాక్కుని మొహం మీద వేసుకుంది. నేను లేవబోయాను. వేణుగోపాల్ వద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు. పన్నెండేళ్ళలో మొదటిసారి నా అల్లుడు నన్ను ఆపాడు.

నేను నాగలతను చూస్తున్నాను. ఏ మాట కోసం ఎదురుచూస్తోంది ఆమె? ‘లేదు’ అంటే పిల్ల ఆమెది అవుతుంది. ‘ఉంది’ అంటే కార్తీకం దాకా పిల్ల క్షేమం. రెండింటిలోనూ ఆమెకు నష్టం లేదు. అయినా ఆమె రెండు చేతులతో గడపను గట్టిగా పట్టుకుని ఉంది, కింద నేల కదులుతున్నట్టు.

ఉన్నట్టుండి నాకు ఇంకో భయం పట్టుకుంది. నా కూతురు నేను కోరిన మాటే చెప్పి, రేపు మంగంపేటలో ఈ పిల్లకు ఏదైనా అయితే? ఆ ఉసురు ఎవరికి తగులుతుంది? ఇంకా పుట్టని నా మనవడికే కదా? చెప్పమని పొద్దున్నుంచి పోరుతున్న నా నోటికే, చెప్పొద్దు అనే మాట వచ్చి అడ్డం పడింది.

అంగట్లో ఎవరో వచ్చి, "ఏమప్పా, ఎవురూ ల్యారా?" అని కేకేశారు. కాసేపటికి వాళ్ళు వెళ్ళిపోయారు.

క్రిస్టినా పెన్ను మూత తీసింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తీసింది.

గిడ్డమ్మ మొహం మీది కొంగు తొలగించి నర్సును చూసింది. తర్వాత అమూల్య గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"అమ్మా, ఆయమ్మ నిన్ను అడుగుతాంది. చెప్పు మా."

అమూల్య ఒకసారి గడప మీద కూర్చున్న నాగలతను, ఆమె వెనక సర్దిపెట్టిన సంచిని చూసింది. ఆ పిల్ల వేళ్ళను ఒక్కొక్కటే తన కొంగు నుంచి విడదీసింది. మెల్లగా, నొప్పి కలగకుండా.

"ల్యాదు సిస్టర్, రాసుకోండి," అంది. "నేను ఈ పిల్లకు చిన్నమ్మను."